దేశంలో ఏటా ఎన్ని పెళ్లిళ్లు జరుగుతున్నాయన్న లెక్క ఎవరి దగ్గర ఉంటుంది?

మీరు అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా తిరగరాస్తాను. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం భారతదేశంలో ఏటా జరిగే వివాహాల సంఖ్య మీకు కావాలి. జనన, మరణాల లెక్కలు ప్రభుత్వమే ప్రచురిస్తోంది గానీ పెళ్లిళ్ల లెక్క ఎంత వెతికినా దొరకలేదు. 2024 నవంబర్, డిసెంబర్ ముహూర్తాల్లో 48 లక్షల పెళ్లిళ్లు జరుగుతాయని పత్రికల్లో చూశారు. అది అధికారిక సంఖ్య అవునా, కాదా? కాకపోతే అసలు లెక్క ఎక్కడుంటుంది?

నేను గణాంక శాఖలో జిల్లా స్థాయిలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. జనగణన విధుల్లో పాల్గొన్నాను, ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లకు శిక్షణ ఇచ్చాను, వివాహ నమోదు రిజిస్టర్లను దగ్గరగా చూశాను. మీ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పవచ్చు, కానీ ఆ వాక్యం మీ ప్రాజెక్టుకు సరిపోదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ ఒక్క వాక్యం ఇది: ఒక సంవత్సరంలో దేశంలో జరిగిన పెళ్లిళ్లన్నింటినీ రిజిస్టర్ల ఆధారంగా కూడి ప్రచురించే జాతీయ వ్యవస్థ భారతదేశంలో లేదు. మీకు దొరకలేదంటే మీరు సరిగా వెతకలేదని కాదు. మీరు చదివిన 48 లక్షలు ఒక వర్తక సంఘం అంచనా. బట్టలు, బంగారం, భోజనాలు, కల్యాణ మండపాల మీద ఆ సీజన్‌లో ఎంత వ్యాపారం జరగవచ్చో చెప్పడానికి వేసిన లెక్క అది. ఏ ప్రభుత్వ రిజిస్టరూ దాని వెనుక లేదు. మీ పట్టికలో దాన్ని అధికారిక గణాంకాల వరుసలో పెట్టకండి.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే, మన దేశంలో పెళ్లి ఎప్పుడు పూర్తయినట్టు లెక్క అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై 1 నుంచి జననం, మరణం, వివాహం మూడింటికీ పౌర నమోదు ఉంది. అక్కడ వధూవరులు సంతకాలు చేయడం పెళ్లిలో ఒక భాగం. 2021 మే వరకు ఆ సంతకాలు లావుపాటి రిజిస్టర్ పుస్తకాల్లో జరిగేవి, ఇప్పుడు ఒక పత్రం మీద జరిగి ఆ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. పద్ధతి మారినా సూత్రం మారలేదు. పెళ్లి జరిగిందంటే కాగితం పుట్టినట్టే, కాగితం పుట్టిందంటే గణాంకం పుట్టినట్టే.

మన దగ్గర పెళ్లి పూర్తయ్యేది మూడు ముళ్లతోనో, సప్తపదితోనో, నిఖా కబూల్‌తోనో, చర్చిలో ప్రమాణాలతోనో. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఆచారం ప్రకారం జరిగిన క్రతువునే పెళ్లిగా గుర్తిస్తుంది. ఎనిమిదో సెక్షన్ నమోదుకు నియమాలు చేసుకునే అధికారాన్ని రాష్ట్రాలకు ఇస్తూనే, నమోదు చేయనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని స్పష్టంగా చెబుతుంది. రాష్ట్రం నమోదును తప్పనిసరి చేసిన చోట నియమాన్ని ఉల్లంఘిస్తే ఆ సెక్షన్ కింద పడే జరిమానా గరిష్ఠంగా 25 రూపాయలు. క్రతువు జరగకుండా సర్టిఫికెట్ మాత్రమే తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే జరిగిన పెళ్లి రిజిస్టర్‌లో లేకపోవచ్చు, రిజిస్టర్‌లో ఉన్న పెళ్లి అసలు జరగకపోయీ ఉండవచ్చు. గణాంకాలు చూసేవాళ్లకు ఈ రెండూ చిక్కులే. మొదటిదే చాలా పెద్దది.

నమోదు జరిగిన పెళ్లిళ్లు కూడా ఒకే చోటికి చేరవు. హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక రిజిస్టర్ ఉంటుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇచ్చి చేసుకునే పెళ్లిళ్లకు వేరే పుస్తకం ఉంటుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద చర్చిల్లో, లైసెన్సు ఉన్న పాస్టర్ల దగ్గర మరో రిజిస్టర్ ఉంటుంది. ఖాజీల దగ్గర నిఖానామాలు ఉంటాయి. 1936 నాటి పార్సీ చట్టానికి దాని సొంత ఏర్పాటు ఉంది. విదేశాల్లో భారత రాయబార కార్యాలయాల్లో జరిగే పెళ్లిళ్లకు 1969లో విడిగా ఒక చట్టం వచ్చింది. వీటన్నిటి మీద రాష్ట్రాల తప్పనిసరి నమోదు చట్టాలు వచ్చి చేరాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే అలాంటి చట్టం చేసిందన్న సంగతి చాలామందికి తెలియదు. దాని ప్రకారం ఏ మతం వారి పెళ్లయినా నమోదు కావాలి. పల్లెల్లో ఆ పని పంచాయతీ కార్యదర్శి చేతిలో ఉంటుంది.

కాగితం మీద ఇది బాగానే ఉంది. ఒకసారి ఒక గ్రామ పంచాయతీలో ఆ రిజిస్టర్ తెరిచి చూశాను. ఒక పేజీలో వరుసగా అయిదు నమోదులున్నాయి. అయిదింటికీ నమోదు తేదీ ఒకే నెలలోది. పెళ్లి తేదీల గడి చూస్తే ఒకటి కిందటి నెలది, రెండింటివి మూడేళ్ల కిందటివి, ఒకటి ఆరేళ్ల కిందటిది, చివరిది పదకొండేళ్ల కిందటిది. కార్యదర్శిని అడిగితే దాపరికం లేకుండా చెప్పారు. ఒకరికి పాస్‌పోర్టులో భార్య పేరు ఎక్కించాలట, ఇద్దరికి ప్రభుత్వ పథకం దరఖాస్తుతో జతచేయాలట, ఒకరికి గల్ఫ్ వీసా పని, మరొకరికి అత్తింటివారితో కోర్టు కేసు. ఆ ఏడాది ఆ ఊళ్లో కనీసం ముప్పై పెళ్లిళ్లయినా జరిగి ఉంటాయని ఆయనే అన్నారు. శుభలేఖలు అందుకుని వాటికి స్వయంగా వెళ్లిన మనిషి ఆయన. రిజిస్టర్‌లో ఆ సంవత్సరం పెళ్లిళ్లు ఎన్ని ఉన్నాయని వేళ్ల మీద లెక్కపెట్టాం. తొమ్మిది తేలాయి. ఆ తొమ్మిదింటి సంఖ్య కూడా నెలవారీగా పైకి పంపుతున్నారా అంటే, పంపమని తమను ఎవరూ అడగలేదన్నారు.

పౌర నమోదు రెండు పనులు చేయాలి. ఒకటి, వ్యక్తికి రుజువు ఇవ్వడం. రెండు, సమాజానికి లెక్క ఇవ్వడం. జనన, మరణాల విషయంలో మన వ్యవస్థ రెండు పనులూ చేస్తుంది. పెళ్లి విషయంలో మొదటి పని మాత్రమే, అదీ అడిగినవాళ్లకు మాత్రమే చేస్తోంది. అవసరం పడ్డవాళ్లే రిజిస్టర్ దగ్గరికి వస్తారు కాబట్టి ఆ రిజిస్టర్ సమాజానికి నమూనా కాలేదు. అందులో పట్నవాసులు, చదువుకున్నవాళ్లు, విదేశాలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో నమోదైన పెళ్లిళ్ల సంఖ్య పెరిగిందని ఎవరైనా చూపిస్తే, దాన్నిబట్టి పెళ్లిళ్లు పెరిగాయని అనుకోకూడదు. కాగితం అవసరం పెరిగిందన్న అర్థం మాత్రమే అందులో ఉంది. ఒకే పెళ్లి రెండు చోట్ల నమోదు కావడం కూడా జరుగుతుంది. పంచాయతీలో సర్టిఫికెట్ తీసుకున్నవారు తర్వాత ఏ ఆఫీసులోనో అది చాలదంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికీ వెళతారు.

ఈ తేడా తెలుగువారి పెళ్లిళ్లలోనే చక్కగా కనిపిస్తుంది. అమెరికాలో ఒక గుడిలో తెలుగు పురోహితుడు పెళ్లి జరిపించాలంటే వధూవరులు ముందుగా కౌంటీ కార్యాలయం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. తలంబ్రాల తర్వాత ఆయన దాని మీద సంతకం పెడతారు, అది తిరిగి కౌంటీకి చేరుతుంది, ఆ పెళ్లి ఆ రాష్ట్రపు లెక్కల్లోకి ఎక్కుతుంది. మంచి ముహూర్తం ఉన్న రాత్రి అన్నవరం కొండ మీద వరుసగా జరిగే పెళ్లిళ్లలో, ఆ జంటలు తర్వాత విడిగా ఆఫీసుకు వెళితే తప్ప, ఒక్కటి కూడా ప్రభుత్వ రిజిస్టర్‌లోకి ఎక్కదు.

దీన్ని సరిచేసే ప్రయత్నాలు జరగలేదని కాదు. మహిళలపై వివక్ష నిర్మూలన కోసం ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని 1993లో ఆమోదించినప్పుడు, వివాహ నమోదు సూత్రాన్ని సమర్థిస్తున్నామని, అయితే ఇన్ని ఆచారాలు, మతాలు, అక్షరాస్యతా స్థాయిలు ఉన్న దేశంలో అది ఆచరణ సాధ్యం కాదని భారత ప్రభుత్వం ఒక ప్రకటన జతచేసింది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు అన్ని మతాల వారి పెళ్లిళ్లకూ నమోదు తప్పనిసరి కావాలని, అందుకు రాష్ట్రాలు నియమాలు చేసుకోవాలని ఆదేశించింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో వివాహాన్ని కూడా చేర్చే బిల్లు 2012లో రాజ్యసభ ముందుకు వచ్చి, 2013లో అక్కడ ఆమోదం పొంది, లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 270వ నివేదికలో మళ్లీ అదే మార్పు సూచించింది. 2023లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు మాత్రం వివాహం అందులోకి రాలేదు. వివాహ నమోదుకు జనన ధ్రువపత్రాన్ని పుట్టినతేదీ రుజువుగా వాడుకోవచ్చన్న మాట మాత్రం వచ్చింది. రాష్ట్రాల్లో ఉత్తరాఖండ్ 2025 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఉమ్మడి పౌరస్మృతిలో నమోదును తప్పనిసరి చేసింది.

నా అభిప్రాయం అడిగితే, 2012 నాటి ఆ బిల్లు మురిగిపోవడం మన గణాంక వ్యవస్థకు జరిగిన పెద్ద నష్టం. జనన మరణాల నమోదుకు ఊరి నుంచి ఢిల్లీ దాకా వేసిన దారి అప్పటికే ఉంది. పెళ్లిని కూడా అదే దారిలో నడిపిస్తే సరిపోయేది. ఈ దేశంలో అది సాధ్యం కాదన్న వాదన నాకు ఎప్పుడూ నచ్చలేదు. పుట్టుకలకూ చావులకూ ఇన్ని ఆచారాలున్నా వాటిని నమోదు చేయగలుగుతున్నాం కదా.

మరి మన దగ్గర ఏముంది? చాలానే ఉంది, కానీ అది మరో రకం సమాచారం. మనకు తెలిసేది ఏటా ఎన్ని పెళ్లిళ్లు జరిగాయన్నది కాదు. ఒక నిర్ణీత రోజున ఎంతమంది పెళ్లయినవాళ్లుగా ఉన్నారు, వాళ్లకు ఏ వయసులో పెళ్లయింది అన్నది. చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో తెలుసు, కాలువలో ఎన్ని వస్తున్నాయో కొలవడం లేదు. ఈ రెండింటినీ కలపకుండా చూసుకుంటే మీ ప్రాజెక్టు సగం గట్టెక్కినట్టే.

వీటిలో మొదటి ఆధారం జనగణన. వైవాహిక స్థితి ప్రశ్న బ్రిటిష్ కాలం జనగణనల నుంచీ ఉంది. పెళ్లినాటి వయసు ప్రశ్న 1971 నుంచి స్త్రీలను, 2001 నుంచి పురుషులను కూడా అడుగుతున్నారు. 2011లో వైవాహిక స్థితికి అయిదు జవాబులుండేవి: పెళ్లి కానివారు, వివాహితులు, జీవిత భాగస్వామి చనిపోయినవారు, విడిపోయి ఉంటున్నవారు, విడాకులు పొందినవారు. 2001లో చివరి రెండూ ఒకే గడిలో ఉండేవి. 2011లో వాటిని విడదీయడం వల్ల ముఖ్యమైన విషయం ఒకటి బయటపడింది. విడాకులు పొందినవారు దేశం మొత్తంలో సుమారు 13.6 లక్షల మంది ఉంటే, విడాకులు లేకుండానే విడిపోయి ఉంటున్నవారు దాదాపు 35 లక్షల మంది తేలారు. కోర్టుకు వెళ్లకుండా పెద్దమనుషుల మధ్య తెగిపోయే కాపురాలు మన ఊళ్లలో ఎన్నో, విడాకుల సంఖ్య ఒక్కటే చూసేవారికి ఎప్పటికీ తెలియదు. రెండు వర్గాల్లోనూ స్త్రీల సంఖ్యే ఎక్కువ. మగవాడు మళ్లీ పెళ్లి చేసుకుని వివాహితుల గడిలోకి తిరిగి వెళ్లిపోతే, ఆమె అక్కడే మిగిలిపోతుంది.

2011 జనగణనలో మరో అంకె కూడా చూడండి. వివాహిత పురుషులు దాదాపు 28.7 కోట్లు, వివాహిత స్త్రీలు దాదాపు 29.3 కోట్లు. తేడా సుమారు 66 లక్షలు. భర్త విదేశంలో ఉండి లెక్కలోకి రాకపోవడం దీనికి ఒక కారణం. ఒక మగవాడికి ఇద్దరు భార్యలుండటం మరొకటి. విడిచిపెట్టి వెళ్లిన భర్త ఎక్కడో పెళ్లికానివాడినని చెప్పుకోవడమూ ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది ఎంత భాగమో జనగణన చెప్పలేదు. పెళ్లిళ్ల రిజిస్టర్ సంపూర్ణంగా ఉన్న దేశంలోనైతే దీన్ని కొంతవరకైనా విడదీయవచ్చు.

జనగణనలో ఈ సమాచారం ఎలా పుడుతుందో ఒకసారి కళ్లారా చూస్తే, ఆ అంకెల మీద ఎంత భారం మోపవచ్చో తెలుస్తుంది. కృష్ణా డెల్టాలో ఒక ఊళ్లో ఎన్యూమరేటర్ వెంట నేనూ వెళ్లాను. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడను "పెళ్లినాటికి మీ వయసెంతమ్మా" అని అడిగితే "ఏం వయసు నాయనా, ఉప్పెనొచ్చిన ఏడే కాపురానికొచ్చాను" అన్నారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్‌లో వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి నడిచాం. పెళ్లి ఎప్పుడైందంటే, అంతకు ముందు రెండో మాఘమాసంలో. పెద్దమనిషి అయ్యింది పెళ్లికి ముందా, తర్వాతా? తర్వాతే. ఇప్పుడు వయసెంత? ఆవిడ చెప్పింది ఒకటి, రేషన్ కార్డులో ఉన్నది మరొకటి. పెద్దకొడుకు వయసుతో సరిచూసి, చివరికి ఎన్యూమరేటర్ గడిలో 13 అని రాశారు. అంత ఓపిక అందరికీ ఉండదు. చాలాచోట్ల ఆ గడిలో 15, 20 లాంటి గుండ్రటి అంకెలే పడతాయి. ఇటీవలి పెళ్లిళ్ల విషయంలో చట్టం గుర్తొచ్చి 18 అని చెప్పేవారు ఎక్కువ. ఏ పట్టికలోనైనా 18 దగ్గర గుట్టలా అంకెలు పోగుపడితే, అందులో కొంత నిజం, కొంత భయం అని అర్థం చేసుకోవాలి.

చట్టం వల్ల అంకెలు కదలడం కొత్త కాదు. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మధ్యలో దొరికిన ఆరు నెలల్లో దేశమంతటా పిల్లల పెళ్లిళ్లు హడావిడిగా జరిపించేశారు. 1931 జనగణనలో పదిహేనేళ్లలోపు వివాహితుల సంఖ్య పదేళ్ల కిందటి కంటే బాగా పెరిగి కనిపించింది. ఆ ఒక్క జనగణననే చూసినవాళ్లు బాల్యవివాహాల ఆచారం బలపడుతోందని పొరబడే ప్రమాదం ఉంది.

వయసు చెప్పడంలో ఇన్ని పొరపాట్లుంటే సగటు పెళ్లి వయసు ఎలా కడతారని మీకు సందేహం రావచ్చు. దానికి 1953లో జాన్ హాజ్నల్ అనే జనాభా శాస్త్రవేత్త మంచి దారి చూపించారు. ఎవరినీ పెళ్లి వయసు అడగనక్కర్లేదు. ఏ వయసులో ఎంతమంది ఇంకా పెళ్లికానివారుగా ఉన్నారో తెలిస్తే చాలు. లెక్క అర్థం కావడానికి ఊహాత్మకంగా నూరుమంది స్త్రీలను తీసుకుందాం. 15 ఏళ్ల వరకు అందరూ అవివాహితులే, కాబట్టి 1,500 ఏళ్లు. 15–19 మధ్య 90 మంది అవివాహితులు, అయిదేళ్లకు 450. 20–24లో 45 మంది, 225. 25–29లో 12 మంది, 60. 30–34లో నలుగురు, 20. ఆ తర్వాత 50 వరకు మూడు వర్గాల్లోనూ ఇద్దరేసి, మొత్తం 30. అన్నీ కలిపితే 2,285 ఏళ్లు. ఎప్పటికీ పెళ్లి చేసుకోని ఇద్దరి వంతు 100 ఏళ్లు తీసేస్తే 2,185. దాన్ని పెళ్లయిన 98 మందితో భాగిస్తే 22.3. ఇదే సగటు పెళ్లి వయసు. జనగణన సీ-సిరీస్ పట్టికల్లో వయసు, లింగం వారీగా వైవాహిక స్థితి దొరుకుతుంది కాబట్టి, ఏ జిల్లాకైనా ఈ లెక్క మీరే కట్టవచ్చు. మీ ప్రాజెక్టులో ఇది తప్పకుండా చేయండి.

రెండో ఆధారం నమూనా నమోదు పథకం. 1960ల చివర పూర్తి స్థాయిలో మొదలైన ఈ పథకంలో దేశమంతటా 8,800కు పైగా ఎంపిక చేసిన గ్రామాలు, పట్టణ బ్లాకులు ఉంటాయి. స్థానికంగా ఉండే ఒక ఎన్యూమరేటర్ జననాలు, మరణాలను ఎప్పటికప్పుడు రాస్తుంటారు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ ఆ పుస్తకం చూడకుండా ఇల్లిల్లూ తిరిగి విడిగా రాస్తారు. తర్వాత రెండింటినీ పోల్చి, కలవని వాటిని మళ్లీ ఇంటికి వెళ్లి తేలుస్తారు. ఈ ఇద్దరి లెక్కల పద్ధతి వల్లే దానికి అంత నమ్మకం వచ్చింది. ఇందులో కూడా పెళ్లిళ్ల సంఖ్య రాదు. వచ్చేది స్త్రీల సగటు వివాహ వయసు, అందులోనూ పెళ్లి పీటల మీద కూర్చున్న వయసు కాదు, కాపురానికి వెళ్లిన వయసు. మన పెద్దలు పెళ్లికీ పునస్సంధానానికీ మధ్య ఏళ్ల తరబడి ఎడం పాటించిన రోజులను తలచుకుంటే, ఈ రెండు వయసులను ఎందుకు విడదీశారో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పెద్దావిడ విషయంలో ఆ ఎడం దాదాపు రెండేళ్లు. జనగణన సగటునూ ఈ పథకం సగటునూ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ నిర్వచనం తేడాను తప్పకుండా రాయండి.

ఇంకో చోటు ఉంది, దాన్ని చాలామంది పరిశోధకులు కూడా గమనించరు. బిడ్డ పుట్టినప్పుడు నింపే జనన నివేదిక ఫారంలో రెండు భాగాలుంటాయి. ఒకటి ధ్రువపత్రం కోసం, రెండోది గణాంకాల కోసం. ఆ రెండో భాగంలో తల్లికి పెళ్లినాటికి వయసెంత అన్న గడి ఉంటుంది. జనన మరణాల చట్టంలో పెళ్లి లేకపోయినా, బిడ్డ పుట్టుక ద్వారా పెళ్లి ఇలా ఆ వ్యవస్థలోకి వస్తుంది. ఆసుపత్రుల్లో ఆ గడిని అడగకుండానే నింపేయడం నేను చూశాను. అయినా శ్రద్ధగా నింపిన చోట అది ఎంతో విలువైన సమాచారం.

మూడో ఆధారం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 1992–93 నుంచి జరుగుతున్న ఈ సర్వేను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కోసం ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ నిర్వహిస్తోంది. 2019–21లో జరిగిన అయిదో విడతలో 7.24 లక్షల మంది స్త్రీలను ప్రశ్నించారు. ఇందులో పెళ్లి జరిగిన నెల, సంవత్సరం కూడా అడుగుతారు. కాబట్టి మూఢం, శూన్యమాసాలు, మాఘ, వైశాఖ ముహూర్తాలు పెళ్లిళ్లను ఏడాది పొడవునా ఎలా పంచుతాయో చూడాలంటే ఈ సర్వే యూనిట్ స్థాయి సమాచారం, అంటే ఒక్కొక్కరి జవాబులూ విడివిడిగా ఉండే సమాచారం, ఉపయోగపడుతుంది.

బాల్యవివాహాల గురించి పత్రికల్లో వచ్చే శాతాలన్నీ దాదాపు ఈ సర్వేవే. 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు అయిదో విడతలో దేశం మొత్తానికి 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. మూడో విడతలో, అంటే 2005–06లో, దేశపు సగటు 47.4 శాతం. ఆ వయసు వర్గాన్నే ఎందుకు తీసుకుంటారంటే, అందరూ అప్పటికే 18 దాటి ఉంటారు, జ్ఞాపకమూ తాజాగా ఉంటుంది. కానీ దీని అర్థం సర్వే జరిగిన ఏడాదిలో ఇన్ని బాల్యవివాహాలు జరిగాయని కాదు. ఆ స్త్రీల పెళ్లిళ్లు సర్వేకు రెండేళ్ల కిందటి నుంచి పదేళ్లకు మించిన కాలం వరకు ఎప్పుడైనా జరిగి ఉంటాయి. 2021లో బాల్యవివాహ నిషేధ చట్టం కింద దేశమంతటా నమోదైన పోలీసు కేసులు 1,050. సర్వే శాతాన్నీ ఈ అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే, నేరాల లెక్కను పెళ్లిళ్ల లెక్కగా వాడటం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

తెలంగాణలో 2014 నుంచి నడుస్తున్న కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ లాంటి పథకాల లబ్ధిదారుల సంఖ్యను కూడా కొందరు పెళ్లిళ్ల సంఖ్యగా వాడుతుంటారు. అది అర్హత ఉండి, దరఖాస్తు చేసి, మంజూరైనవారి సంఖ్య. వధువుకు 18 నిండిన పెళ్లిళ్లే అందులోకి వస్తాయి. పథకాల వల్ల నమోదు అలవాటు పెరగడం మంచిదే గానీ, ఆ అంకెలతో మీరు వివాహ రేటు కట్టవద్దు.

ఇక మీ అసలు ప్రశ్నకు అంచనాగా అయినా జవాబు కావాలంటే ఇలా ఆలోచించవచ్చు. 2011 జనగణనలో 20–24 ఏళ్ల స్త్రీలు సుమారు 5.4 కోట్లు. అయిదుతో భాగిస్తే ఒక్కో ఏడాది వయసుకు దాదాపు 1.08 కోట్లు. మన దేశంలో దాదాపు అందరు స్త్రీలూ పెళ్లి చేసుకుంటారు కాబట్టి, ఏటా జరిగే పెళ్లిళ్లు కోటికి అటూఇటూగా ఉంటాయి. పునర్వివాహాలు కలిపితే కాస్త పెరుగుతుంది. ఇది నేను వేసిన స్థూలమైన అంచనా, అధికారిక సంఖ్య కాదు. కానీ వర్తక సంఘం చెప్పిన 48 లక్షలను దీని పక్కన పెడితే, ఏడాది పెళ్లిళ్లలో దాదాపు సగం అయిదారు వారాల్లోనే జరిగినట్టు అవుతుంది. మాఘం నుంచి జ్యేష్ఠం వరకు మన ముహూర్తాలు ఎంత రద్దీగా ఉంటాయో తెలిసిన వారెవరైనా ఆ సంఖ్యను కాస్త ఆగి చూస్తారు.

పెళ్లి గణాంకాల్లో వెనుకబడింది మన దేశం ఒక్కటే అనుకోకండి. అమెరికాలో జాతీయ ఆరోగ్య గణాంక కేంద్రం 1996 నుంచి ఒక్కో పెళ్లి వివరాలను రాష్ట్రాల నుంచి సేకరించడం మానేసింది. ఇప్పుడు రాష్ట్రాలు పంపే మొత్తాలే మిగిలాయి. వధూవరుల వయసు, అది ఎన్నో పెళ్లి వంటి వివరాల కోసం 2008 నుంచి అక్కడి ఇంటింటి సర్వేలో ప్రశ్నలు చేర్చుకోవలసి వచ్చింది. ఒకసారి తెగిన గణాంకాల వరుసను మళ్లీ అతికించడం ఎంత కష్టమో చెప్పడానికి ఇదే ఉదాహరణ.

మీ ప్రాజెక్టు విషయానికి వస్తే, దేశం మొత్తం సంఖ్య వెతకడం ఆపేసి మీ మండలంలో రెండు మూడు పంచాయతీలు ఎంచుకోమని నా సలహా. మీ విభాగం నుంచి ఉత్తరం తీసుకుని కార్యదర్శిని కలవండి. పేర్లు, చిరునామాలు రాసుకోకండి, వాటితో మీకు పని లేదు. ప్రతి నమోదుకూ రెండే తేదీలు రాసుకోండి: పెళ్లి తేదీ, నమోదు తేదీ. కుదిరితే ఏ అవసరం కోసం నమోదు చేయించుకున్నారో మూడో గడిలో రాయండి. తర్వాత అదే ఊళ్లో ఆ ఏడాది ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో అంగన్‌వాడీ కార్యకర్తనూ, పురోహితుణ్నీ, పాస్టర్‌నూ, మసీదు పెద్దలనూ విడివిడిగా అడిగి, ఆ జాబితాలను ఒకదానితో ఒకటి సరిపోల్చండి. నమూనా నమోదు పథకం జననాలకు చేసేది ఇదే. 2027 జనగణన మనుషుల లెక్కింపు 2027 ఫిబ్రవరిలో మీ ఊళ్లకు వస్తుంది. వీలైతే మీ జాబితా ఆలోగా పూర్తి చేయండి. అప్పటి పట్టికలు వెలువడ్డాక మీ జిల్లాకు హాజ్నల్ పద్ధతిలో లెక్క కట్టి, మీ ఊళ్ల జాబితాను దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.